పెరట్ల ఇంకో పొయ్యి

చెల్లె, నువ్వడిగింది మంచి ముచ్చటే. ఇంటెనక ఖాళీ జాగ ఉన్నది. అత్తమ్మకు మెట్లెక్కుడు చాతనైతలేదు. పక్కింటామె రెండర్రలు కట్టి నీట్ పిల్లలకు కిరాయికిచ్చింది, నెల తిరిగేసరికి పైసలు చేతిలకొస్తున్నయి. మనమెందుకు కట్టొద్దు అంటున్నవు. కట్టు, నేనేం వద్దంటలేను. కాని గవండిని పిలిచేముందు మనిద్దరం జర కూసొని మాట్లాడుకుందాం.

నాందేడ్‌ల ఇప్పుడు ఏ గల్లీకి పోయినా ఇదే కథ. శ్యాంనగర్, భాగ్యనగర్, బాబానగర్ దిక్కు కోచింగులు పెరిగిన కాడికెల్లి ఇంటింటికి “రూం కిరాయికి ఉన్నది” అని బోర్డే. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ నుంచి మన తెలుగు పిల్లలొస్తరు, మరాఠ్వాడా మొత్తం నుంచి మరాఠీ పిల్లలొస్తరు. అటు విష్ణుపురిల 1981 నాటి ఎస్‌జీజీఎస్ ఇంజినీరింగ్ కాలేజీ, ఆ పక్కకే మెడికల్ కాలేజీ, 1994ల పెట్టిన స్వామి రామానంద తీర్థ యూనివర్సిటీ. ఇంతమంది పిల్లలు ఎక్కడ ఉండాలె? మన పెరట్లనే. జామచెట్టు కొట్టేసి రెండర్రలు లేపుతున్నరు, మీద రేకులేస్తున్నరు. మే నెలల ఆ రేకుల కింద కూసొని ఫిజిక్స్ చదివే పిల్లగాన్ని తలుసుకుంటే నాకు పానం గిలగిలలాడుతది. పైసలు తీసుకుంటున్నం గదా, స్లాబైనా వెయ్యొద్దా?

నన్నడిగితే ఒక్కటే చెప్త. అది కిరాయిదారుల కోసం కడుతున్న అనుకోకు. నువ్వు ముసలిదానివైనంక ఉండే ఇల్లు అనుకొని కట్టు. కోచింగ్ పిల్ల రెండేండ్లుంటది, పోతది. ఇల్లు యాభై ఏండ్లుంటది. ఈయాల అత్తమ్మ ఉంటది, నడుమల కొన్నేండ్లు కిరాయికిస్తవు, ఆఖరుకు కోడలొచ్చినంక నువ్వే అండ్ల చేరుతవు. నవ్వకు, నిజం.

అట్ల అనుకున్నవంటే నక్షానే మారిపోతది. గల్లీల నుంచి సీదా లోపలికి పోయే వేరే తలుపు ఉండాలె, మీ నడిమింట్ల నుంచి తొవ్వ కాదు. గడప ఎత్తు లేకుండ చూడు. బాత్రూం తలుపు బయటికి తెరుసుకోవాలె. లోపల ముసలామె తలుపుకడ్డం పడిపోతే, లోపలికి తెరిసే తలుపును ఎవ్వరూ నూకలేరు. గోడకు పట్టుకునే కడ్డీ, కూసునే కమోడ్, నీళ్లు నిలువని గరుకు ఫర్షీ. కిటికీ ఒకటి మీ వంటింటి దిక్కు పెట్టు, పిలిస్తే ఇనపడాలె.

ఇగ పొయ్యి సంగతి. అండ్ల ఒక వంట గట్టు పెట్టమంటే మీ ఆయన మొఖం మాడుస్తడు, నాకెరికే. “వేరు పడ్డరంటరు నలుగురు” అంటడు. మన ఇండ్లల్ల పొయ్యి వేరైతే బంధమే తెగినట్టు లెక్క. నేను ఒప్పుకోను. అత్తమ్మకు పొద్దుగాల ఐదు గొట్టంగనే చాయ్ కావాలె, నీకు ఆరున్నరకు గాని కన్ను తెరువ బుద్ధిగాదు. ఆమెకు జొన్నరొట్టె, పిల్లలకు మ్యాగీ. ఒక్క వంటింట్ల ఇద్దరు ఆడోళ్లు ముప్పై ఏండ్లు తట్టుకొని బతుకుడు కన్న, ఆమె చాయ్ ఆమె పెట్టుకొని, పండుగనాడు అందరూ ఒక్క దగ్గర తినుడు మేలు. తన గిన్నె తన చేతిల ఉన్న ముసలామె తొందరగ కుంగిపోదు. ఈ ఆలోచన మనకొక్కరికే కాదు. అమెరికాల కాలిఫోర్నియా వాళ్లు 2017 నుంచి పెరట్ల చిన్నిల్లు కట్టుకునుడు అల్కగ అయ్యేటట్టు చట్టం మార్చిండ్రు. టొరంటోల 2022ల ఒప్పుకున్నరు. అక్కడున్న మనోళ్లు గూడ అమ్మానాయినలను పిలిపించుకోవాలంటే ఇదే ఆలోచిస్తరు. వాళ్లకు దాని నిండ రూల్సు, మనకు దాని నిండ మొహమాటం.

రూల్సు మనకూ ఉన్నయనుకో. మహారాష్ట్రల 2020 డిసెంబర్ల యూడీసీపీఆర్ అని, ముంబై లాంటి కొన్ని జాగలు ఇడిసిపెట్టి రాష్ట్రమంతటికి ఒకే తీరు కట్టడపు నియమాలు తెచ్చిండ్రు. మంజూరైన లేఔట్ల నీ ప్లాటు 150 చదరపు మీటర్ల లోపుంటే కార్పొరేషన్ చుట్టు తిరిగే పనిలేదు. లైసెన్సున్న ఆర్కిటెక్టుతోని నక్షా గీపించి, ఆయన ధ్రువీకరణ జత చేసి, ఫీజు కడితే ఆ రశీదే పర్మిషన్ లెక్క. 300 మీటర్ల దాక పది రోజుల్ల ఇయ్యాలె. “పర్మిషన్ గిర్మిషన్ ఎందుకక్కా, వెనక ఎవడు చూస్తడు” అని గవండి అంటడు. రేపు లోన్‌కు పోయిననాడు, అమ్ముదామనుకున్ననాడు బ్యాంకోడు చూస్తడు.

లెక్క జర చూడు. మీది 30 అడుగులు ఇంటు 40, అంటే 1200 చదరపు అడుగులు. పాత ఊరి ఇరుకు బస్తీ కాకుంటే, తొమ్మిది మీటర్ల కన్న సన్నని గల్లీల ఎఫ్‌ఎస్‌ఐ 1.1, అంటే జాగకు 1.1 రెట్లు కట్టుకోవచ్చు. అన్ని అంతస్తులు కలిపి 1320 అడుగులు. ఉన్న ఇల్లు 700 అయితే మిగిలింది 620. మెట్లు, బాల్కనీ గూడ దాంట్లకే వస్తయి. చుట్టూ ఇడువాల్సిన జాగ ఇడువాలె. ప్రీమియం కట్టి కొంచెం ఎక్కువ తెచ్చుకునే తొవ్వ ఉన్నది, అది ఆర్కిటెక్టును అడుగు. 620ల ఒక అర్ర, వంట గట్టు, బాత్రూం కింద అత్తమ్మకు. మీద అదే కొలతల కిరాయికి. రెండు పనులూ అయితయి.

ఇదంతా ప్లాటు మంజూరైన లేఔట్ల ఉంటేనే. మంజూరు లేకుండ ముక్కలు చేసి అమ్మిన గుంఠేవారీ ప్లాటయితే ముందుగాల దాన్ని రెగ్యులరైజ్ చేపిచ్చుకో. 2001ల చేసిన ఆ కానూనును 2021ల సవరించి 2020 ఆఖరు దాక ఉన్నవాటికి అవకాశం ఇచ్చిండ్రు. సిడ్కో అనే సర్కారు సంస్థ ఇచ్చిన ఇల్లయితే లీజు కాగితం తీసి షరతులు ఒక్కొక్కటి చదువు.

మట్టి సంగతి మాత్రం ఎవ్వరికీ ఒదిలిపెట్టకు. మనది నల్లరేగడి. వానకాలం ఉబ్బుతది, ఎండకాలం చెయ్యి పట్టేంత పగులుతది. మూడడుగులు తవ్వి “చాలక్కా” అంటే ఊకోకు. మొరం తగిలేదాక తవ్వియ్యి. అది బాగ లోతుంటే ఇంజినీరును అడిగి పైల్ వెయ్యి. ఇంకో మాట, పాత గోడకు కొత్త గోడ అతికియ్యొద్దు. పాత ఇల్లు ఇరవై ఏండ్ల కిందనే కూసున్నది, కొత్తది ఇప్పుడు కూసుంటది. రెంటినీ కలిపితే రెండో వానకాలానికే నడుమ నిట్టనిలువు బీట పడుతది. సందు ఇడిసిపెట్టి మీదికెల్లి నీళ్లు దిగకుండ మూసేస్తే చాలు. పాత ఇంటి మీదనే అంతస్తు లేపుదామంటే, పిల్లర్లు లేని ఇల్లయితే, ఇంజినీరు చూడంది ఒక్క ఇటుక ఎక్కియ్యకు. 1993 సెప్టెంబర్ 30న కిల్లారి భూకంపంల ఏమైందో మన అమ్మలకు యాదికున్నది. మట్టిల పేర్చిన రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు కూలి పదివేలమంది దాక పోయిండ్రు. 2024 మార్చి 21న హింగోలి దిక్కు భూమి కదిలితే నాందేడ్‌ల గూడ తెలిసింది. పిల్లర్ల రింగులు గవండి ఎంత దగ్గర కడుతున్నడో, స్లాబేసేముందు పోయి నీ కండ్లతోని చూడు. స్లాబ్ మీద పది రోజులన్న నీళ్లు నిలువాలె.

కిరాయిది గూడ చెప్త. హైదరాబాద్‌ల మన చుట్టాలు పదకొండు నెలలకు రాసుకుంటరు, రిజిస్ట్రీ అక్కర్లేదంటరు. ఇక్కడ నడువది. మనం 1956 దాక హైదరాబాద్ రాష్ట్రమే గదా, కిరాయి కానూను గూడ అప్పటి హైదరాబాద్‌దే చానా ఏండ్లు నడిచింది. 2000 మార్చి 31 నుంచి మహారాష్ట్ర కానూను. దీని లెక్కన ఎన్ని నెలలకైనా కాగితం రాసుకోవాలె, రిజిస్ట్రీ చెయ్యాలె, ఆ బాధ్యత ఇంటి ఓనర్‌దే. చెయ్యకుంటే మూడు నెలల దాక జైలు, లేకుంటే 5000 దాక జుర్మానా, రెండూ గూడ కావచ్చు. జైలు సంగతి పక్కన పెట్టు, కొట్లాటొస్తే కిరాయిదారు చెప్పిన షరతే ఖరారయ్యే ప్రమాదం ఉన్నది. పిల్లలైతే వాళ్ల నాయిన తోని లీవ్ అండ్ లైసెన్స్ రాపిచ్చుకో, పోలీస్ స్టేషన్ల సమాచారం ఇయ్యి. మహావితరణ్ మీటర్ వేరే పెట్టియ్యి, కరెంట్ బిల్లు కాడ పడే కొట్లాటలు సగం తగ్గుతయి.

ఇప్పుడు అసలు ముచ్చట, నువ్వు నన్ను అడగంది. జాగ ఎవరి పేరు మీద ఉన్నది? మామ పేరు మీద గదా. ఆయనకు వాళ్ల నాయిన నుంచి వచ్చింది. అది తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే మీ ఆడబిడ్డకు గూడ అండ్ల పాలుంటది. ఆడపిల్లకు కొడుకుతోని సమానంగ పాలిచ్చే చట్టం ఆంధ్రల ఎన్టీఆర్ కాలంల 1986ల వచ్చింది, మహారాష్ట్రల 1994ల, దేశమంతటికి 2005ల. నీ బంగారం కుదవపెట్టి, మీ ఆయన లోన్ తీసుకొని, వాళ్ల ఉమ్మడి జాగల ఇల్లు లేపుతున్నరు. రేపు ఆమె “నా పాలేది?” అంటే తప్పు ఆమెది కాదు. ఖర్చు ఎవరిది, కిరాయి ఎవరికి, ఇల్లు ఎవరి పాలుకు పోతది, ఇయ్యన్నీ వకీలుతోని రాపిచ్చి అందరి సంతకాలు తీసుకో. నీ పైసలు పోతున్నయి గాబట్టి నీ పేరు గూడ అండ్ల ఉండాలె. జాగ మామ ఒక్కనిదే అని తేలి, ఆయన మొత్తం మీ ఆయనకు బక్షీసు రాస్తనంటే గూడ, “మమ్మల్ని చూసుకోవాలె” అన్న షరతు అండ్ల రాపియ్యి. 2007 నాటి పెద్దమనుషుల పోషణ చట్టం కింద, చూసుకోకుంటే ఆ బక్షీసు రద్దు చేపిచ్చుకోవచ్చు. కోడలివై నువ్వే ఆ షరతు అడిగితే అత్తమ్మ నీ దిక్కు చూసే చూపే వేరే ఉంటది.

మీ ఆడబిడ్డ నిజామాబాద్‌ల ఉంటదంటివి. ఈ ఐతారం ఆమెకు ఫోన్ చెయ్యి. ఆర్కిటెక్టుకు సోమవారం చెయ్యొచ్చు.