బత్తాయి ఆకు పసుపుబారినపుడు ఎరువు వేయు విధము

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల చల్క నేలలలో బత్తాయి తోటలు పెట్టిన రైతులు ఆకు పచ్చదనము తగ్గగానే యూరియా బస్తాకై పరుగిడుట కద్దు. పసుపు రంగులన్నియు నొక్కటి కావు. ఆకును చేత బట్టి చూచిన పిమ్మటనే బస్తా కొనవలెను.

మొదట ముదురాకులు, ఆకంతయు సమముగా పాలిపోయినచో అది నత్రజని లోపము. లేతాకులు చిన్నవై, సన్నగిలి, ఈనెలు పచ్చగా నుండి వాని నడిమి భాగము మాత్రము పసుపుబారినచో జింకు లోపము. లేతాకు పరిమాణము తగ్గక, సన్నని ఈనెలు వలవలె పచ్చగా కనబడుచు తక్కినది పాలిపోయినచో ఇనుము లోపించినదని గ్రహింపవలెను. సున్నపు పాలు గల నేలలయందిది యెక్కువ. జింకు చాలని చెట్టుకు యూరియా మాత్రమే పోయుచుండినచో కొమ్మలు చివరనుండి యెండి, కాయ చిన్నదై, అయిదారేండ్లు పెంచిన చెట్టు కన్నుల యెదుటనే క్షీణించును. సూపరు ఫాస్ఫేటు మితిమీరినను జింకు చెట్టున కందదు.

ఇట్టి తోటపై చల్లుటకు లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, మాంగనీసు, మెగ్నీషియము, ఇనుము సల్ఫేటులు ఒక్కొక్కటి 2 గ్రాములు, బోరాక్సు 1 గ్రాము, యూరియా 10 గ్రాములు కలిపి, వేరుగా తడిపి వడగట్టిన సున్నము 6 గ్రాములు చేర్చవలెను. జూన్-జూలైలలోను, జనవరి-ఫిబ్రవరిలలోను లేత చిగుళ్ళు విచ్చినపుడే చల్లవలెను. ముదురాకుపై చల్లుట కూలి దండుగ.

ఇక నేలకు వేయు ఎరువు. చల్క నేల జల్లెడ వంటిది. ఒక్కమారు పోసిన యూరియా నీటితో వేళ్ళ క్రిందికి దిగిపోవును. ఆరేండ్లు నిండిన చెట్టుకు సంవత్సరమునకు నత్రజని 1500 గ్రాములు, భాస్వరము 350, పొటాషు 400 గ్రాములు కావలెను. నత్రజనిలో నాలుగవ వంతు పశువుల ఎరువుగాను (సుమారు 75 కిలోలు), నాలుగవ వంతు ఆముదపు పిండిగాను (8, 9 కిలోలు), సగము యూరియాగాను (1600 గ్రాములు) ఇయ్యవలెను. ఆముదము ఈ జిల్లాల పంటయే. గింజతోపాటు పిండిని బయటికి బోనిచ్చి, పిదప బస్తాలు కొనుట వింత!

డిసెంబరు-జనవరిలో బెట్ట విడిపించి తొలి తడి యిచ్చునపుడు సగము, జూన్-జూలైలో సగము వేయవలెను. మొదట గుప్ప పోయుట పాత అలవాటు. ఆహారము తీయు సన్నని వేళ్ళు అచ్చట నుండవు. కొమ్మల చివరల క్రింద, పైమట్టిలోనే యుండును. మొదలు విడిచి ఆ వలయములో చల్లి, మట్టిలో కలిపి, అదే దినమున తడి యియ్యవలెను. డ్రిప్పు గొట్టములున్నచో యూరియాను కొంచెము కొంచెముగా నీటితోనే పంపుట మేలు.

ఏ లోపమో తేలనిచో తోటనంతయు తడుపక, నాలుగు చెట్లకు మాత్రము పై ద్రావణము చల్లి, కొన్ని వారముల పిమ్మట ప్రక్క చెట్ల ఆకుతో పోల్చి చూడవలెను.