గిటారు స్వరాన్ని మార్చే కెపాసిటర్



మన కోనసీమ పల్లెల్లో క్రిస్మస్ పాటల సాధనలో తబలా, కీబోర్డు పక్కన ఎలక్ట్రిక్ గిటారు కూడా వినిపిస్తుంది. చవక గిటార్లలో కొన్నింటికి టోన్ నాబ్ పెంచితే చెవులు గింగురుమంటాయి, తగ్గిస్తే స్వరం పూడుకుపోతుంది. "ఇది పనికిరాదు, కొత్తది కొనాలి" అనుకునే ముందు మన ఇంటర్ ఫిజిక్సు పుస్తకం ఒకసారి తెరవండి.

స్వరం ఎలా పుడుతుంది?

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహం మారి, చుట్టలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే.

కెపాసిటర్ ఏం చేస్తుంది?

కెపాసిటర్ ప్రతిరోధం = 1 ÷ (6.28 × పౌనఃపున్యం × కెపాసిటెన్స్). 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్రతిరోధం 100 హెర్ట్జ్ వద్ద సుమారు 72,000 ఓమ్‌లు, 5,000 హెర్ట్జ్ వద్ద సుమారు 1,450 ఓమ్‌లు మాత్రమే. అందుకే టోన్ నాబ్ తగ్గించినప్పుడు కీచు స్వరాలు దాని గుండా గ్రౌండ్‌లోకి పోతాయి, మంద్ర స్వరాలు మిగులుతాయి.

ఏది వాడాలి?

1. కెపాసిటర్ మీద 473 అని ఉంటే 47 పక్కన మూడు సున్నాలు, అంటే 47,000 పికోఫారడ్‌లు (0.047 మైక్రోఫారడ్). దాని బదులు 223 వేస్తే నాబ్ తగ్గించినా స్వరం స్పష్టంగా ఉంటుంది. నాబ్ పూర్తిగా పెంచి ఉంటే తేడా పెద్దగా తెలియదు.
2. వాల్యూమ్ తగ్గిస్తే స్వరం మందగిస్తోందా? వాల్యూమ్ కంట్రోల్‌లో పికప్ తీగ వచ్చే కాలికి, మధ్య కాలికి నడుమ 102 కెపాసిటర్ కలపండి. కీచు స్వరాలు దాని గుండా నేరుగా దాటుతాయి.
3. ముందు పాత కనెక్షన్ల బొమ్మ గీసుకోండి. కొత్తదాన్ని క్లిప్పులతో తగిలించి, విని, నచ్చాకే సోల్డరింగ్ చేయండి. ఈ చిన్న కెపాసిటర్లకు ప్లస్, మైనస్ ఉండవు.

జాగ్రత్త!

విప్పే ముందు యాంప్లిఫయర్ వైరు తీసేయండి. గిటారులో పుట్టే విద్యుత్తు స్వల్పమే కానీ, దాని ఉక్కు తీగలు యాంప్లిఫయర్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని చోట లీకేజీ ఉంటే ప్రాణమే పోవచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే మరణించాడు. కాబట్టి పందిట్లో ప్లగ్గు మూడో పిన్ను ఎన్నడూ విరవకండి.

1954లో స్ట్రాటోకాస్టర్ గిటారును తెచ్చిన లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. ఆయన 1938లో పెట్టుకున్నది రేడియో రిపేరు కొట్టు. మిత్రులారా! పుస్తకంలోని సూత్రం పరీక్షలో మార్కులకే కాదు, మన చేతిలో పాత వస్తువును బతికించుకోవడానికి కూడా.