గిరిప్రదక్షిణలో అన్వేషకులెందరు?

ప్రశ్న: పున్నమికి అరుణాచలం వెళ్లేవాళ్లలో నిజమైన ఆధ్యాత్మిక జీవనం కోరేవాళ్లెందరండీ? – ఒక పాఠకుడు, ఉద్దనపల్లి

జవాబు: తక్కువమందేనని నా అభిప్రాయం. 2021లో వెలువడిన ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో భారతీయుల్లో 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. నమ్మకం అంత ఉంది సరే, వెతుకులాటకు అది కొలత కాదు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసిన మన తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతి ముని 1907లో అరుణాచలం కొండమీది విరూపాక్ష గుహకెక్కి, రమణ మహర్షి పాదాలు పట్టుకుని, తపస్సంటే ఏమిటో ఇంకా తెలియలేదని మొరపెట్టుకున్నారు. తన సాధననే అలా శంకించేవాడు అన్వేషకుడు. మనలో ఎక్కువమందిమి పిల్ల పెళ్లికో, అప్పు తీరాలనో, జబ్బు నయం కావాలనో నడుస్తాం. అలాగైతే ఆ భక్తి బూటకమా అంటారేమో. కాదు, గీత ఏడో అధ్యాయం కష్టంలో ఉన్న ఆర్తుణ్ణీ, ఏదో కోరుకునే అర్థార్థినీ కూడా భక్తుల్లోనే చేర్చింది, తెలుసుకోగోరే జిజ్ఞాసువును వాళ్లలోనే మరో రకంగా పేర్కొంది. మొక్కు తీరిపోయినవాడు గిరిప్రదక్షిణ దారి 14 కిలోమీటర్లు మళ్లీ ఎందుకు నడుస్తున్నాడో అడిగితే కొంత తెలుస్తుంది. పున్నమి జనాన్ని లెక్కబెడితే తేలదు.