మూత పెట్టాకే ఇంకో మూత

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకు బేస్‌మెంట్ బాత్రూమంటే చెడ్డ చిన్నచూపు. పైన వంటింటికి గ్రానైట్ వేయిస్తారు, హాల్లో దీపాలు మార్పిస్తారు. కింద మాత్రం యాభై, అరవై ఏళ్ల నాటి రంగురంగుల వాష్‌బేసిన్, తుప్పు కారే కుళాయి అలాగే ఉంటాయి. ‘అక్కడికెవరు వస్తార్లే’ అంటారు. ఎవరొస్తారో నేను చెప్పనా? ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుండే మీ అమ్మానాన్నలు. వాళ్లకు మంచం వేసేది అక్కడే కదా!

డబ్బుల్లేవనే సాకు నాకు చెప్పకండి. న్యూజెర్సీలో మా ఇంట్లో ఆ సాకు చెప్పి ఏళ్లు గడిపినదాన్ని. మొదలుపెట్టింది ముగించే గుణం నాకు లేదు, అంతే సంగతి. సగం గీకిన గోడ, గట్టిపడిన రంగు డబ్బా, అట్టపెట్టెలోంచి బయటికి తీయని కుళాయి. ఆ మాటకొస్తే మధ్యలో మానేసిన వీణ పాఠాలు కూడా. మధ్యలో ఆగిన పనులే మనసులో ఎక్కువగా మెదులుతాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో రాసింది. తర్వాతివాళ్ల ప్రయోగాల్లో కొందరికి అదే తేలింది, కొందరికి తేలలేదు. ఆ తగువు పండితులు తీర్చుకుంటారు. నాకైతే మెట్ల కింద ఆ గది గుర్తొస్తే నిద్ర పట్టేది కాదు.

నన్ను దారిలో పెట్టింది ఒకే ఒక్క అలవాటు. ఒక డబ్బాకు మూత పెట్టాకే ఇంకో డబ్బా మూత తీయాలి. మూత పెట్టడమంటే బ్రష్షు కడిగి, మిగిలింది గాలి చొరకుండా బిగించి, నేల తుడిచి, చెత్త బయట పడేసి రావడం. అప్పటిదాకా ఆ పని కానట్టే లెక్క. ‘బాత్రూమ్ బాగుచేయాలి’ అనేది పని కాదు, బెంగ. ‘తొట్టి చుట్టూ సిలికాన్ మార్చాలి’ అనండి, అదీ పని.

ఆ సిలికాన్ పనే చూడండి. నల్లబడిన పాతదాన్ని ప్లాస్టిక్ బ్లేడుతో పూర్తిగా గీకి తీయాలి. అంచును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత తొట్టి నిండా నీళ్లు పట్టాలి. ఎందుకంటే నీళ్ల బరువుకు తొట్టి కాస్త దిగుతుంది, గోడకూ అంచుకూ మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న సందులో సిలికాన్ పూసి, అది గట్టిపడేదాకా నీళ్లు వదలకూడదు. ఖాళీ తొట్టికి పూస్తే ఎవరైనా దిగి స్నానం చేయగానే అంచు సాగి ఊడుతుంది. ఇక మనలాంటివాళ్లకు అసలు పరీక్ష ఆ ఆరే సమయంలోనే. చేతులు ఊరుకోవు, ‘ఈలోగా గోడ రంగు కలుపుదామా’ అనిపిస్తుంది. వద్దు! పైకి పోయి పప్పుకి పోపు పెట్టుకోండి.

ఈ నియమం డబ్బును ఎలా మిగులుస్తుందో మొదట్లో నాకు అర్థం కాలేదు. తెరిచిన ట్యూబు ఎండిపోదు, కలిపిన గ్రౌట్ బకెట్లోనే రాయి కాదు, ఒకే సామాను రెండుసార్లు కొనం. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది: ఒక పని ముగించి చూస్తే, తర్వాతి పని అక్కర్లేదని తేలుతుంది. మా గోడలకు 1950ల నాటి గులాబీ టైల్స్ ఉన్నాయి. పగలగొట్టించాలనే అనుకున్నాను. టైల్స్ మధ్య పాత గ్రౌట్ గీకి కొత్తది నింపాక, ఏరికోరి వేయించుకున్నామనుకుంటున్నారు చూసినవాళ్లు.

ఒక్క పని మాత్రం అన్నిటికంటే ముందు. చెమ్మ ఉన్న గోడకు రంగేయడం జ్వరం మీద పౌడరు రాసుకోవడమే. కాంక్రీటు నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులా టేపు అంటించండి. ఒకట్రెండు రోజుల తర్వాత ఎత్తితే అడుగున తడి ఉందా? అయితే నీరు నేలలోంచి వస్తోంది. బయటికెళ్లి, చూరు గొట్టం వాన నీటిని గోడ మొదట్లోనే పోస్తోందేమో చూడండి. పొడుగు గొట్టం తగిలించి ఆ నీటిని ఇంటికి దూరంగా పంపండి. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

మిగతావి గబగబా చెప్తాను. నేల మీద తొమ్మిదంగుళాల చదరపు పాత టైల్స్ ఉంటే గీకొద్దు, వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించండి, లేదా కదపకుండా పైన వినైల్ పలకలు పరవండి. ఇల్లు 1978కి ముందుదైతే రంగులో సీసం ఉండొచ్చు, సాండ్‌పేపర్ పట్టొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి ఇంటి బయటికే పోవాలి. ప్లగ్గు జీఎఫ్‌సీఐ రకమే, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసేదే ఉండాలి. ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తితే చాలాసార్లు లోపల తయారైన ఏడాది కనిపిస్తుంది. 1980ల నాటివి ఒక్కో ఫ్లష్‌కు మూడున్నర గ్యాలన్లో అంతకంటే ఎక్కువో తాగుతాయి. 1994 నుంచి చట్టం పెట్టిన హద్దు 1.6. కొత్త కమోడ్ కొనేముందు గోడ నుంచి దాని కింది బోల్టు దాకా కొలవండి, మామూలుగా 12 అంగుళాలుంటుంది. పైపుల జాగా మార్చాలంటే ఊరి పర్మిట్, ప్లంబరు తప్పవు. బేస్‌మెంట్ డ్రెయిన్ చాలాచోట్ల మురుగు లైను కంటే దిగువన ఉండి పంపు మీద నడుస్తుంది, దాంతో ఆటలొద్దు. వాష్‌బేసిన్ కింది అలమర కావాలంటే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్ల రీస్టోర్ దుకాణాల్లో వెతకండి, వాడినవే అయినా గట్టివి దొరుకుతాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తుండేది తీసుకోండి. పక్కన హ్యాండ్ షవర్ సంగతి మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకుకెళ్లే గొట్టానికి టీ జాయింటు పెడితే సరి. కాకపోతే అందులో వచ్చేది చన్నీళ్లే. జనవరిలో మా నాన్నగారు ఒక్కసారి వాడి, పైకొచ్చి, ‘ఏమ్మా, నా మీద కోపమేమైనా ఉందా?’ అనడిగారు. వాష్‌బేసిన్ కింద నుంచి వేడినీళ్ల లైను కలపాలి. ఆయన తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లో. తలుపు రంగు పూర్తయ్యాక, దాని వంతే.