సభ్యుల సంఘమునకు వెబ్‌సైటు: స్థాపన, పోషణ

నేడు సంఘములు లేని గ్రామము అరుదు. పొదుపు సంఘము, రైతు సంఘము, యువజన సంఘము, గ్రంథాలయ సంఘము, వనసంరక్షణ సమితి, ఇట్లు ప్రతి గ్రామమునందును నాలుగైదు సంస్థలు పనిచేయుచున్నవి. ఇవి లాభాపేక్షతో ఏర్పడినవి కావు. సభ్యుల చందాలతోను, శ్రమతోను నడచునవి. ఇట్టి సంఘమునకు వెబ్‌సైటు అవసరమా? అవసరమైనచో దానిని ఎట్లు నెలకొల్పవలెను? నెలకొల్పిన పిమ్మట ఏండ్ల తరబడి ఎట్లు పోషింపవలెను? సంఘములవారు మొదట సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున ఈ విషయమును వారి కొరకు వివరింపదలచినాము. ఉదాహరణముగా సారపాకను గైకొనుచున్నాము.

సారపాకయే ఎందుకు?

సారపాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపాడు మండలములో, గోదావరికి దక్షిణపు ఒడ్డున ఉన్నది. నదికి ఆవల భద్రాచలము. రెండింటిని కలుపు వంతెన 1965లో ప్రారంభమైనది. ఊరిలో పెద్ద కాగితపు కర్మాగారము గలదు. అందుచే పలు చోట్ల నుండి వచ్చిన కార్మిక కుటుంబములును, చుట్టుపట్ల రైతులును, అడవి అంచున గల కోయ గూడెములవారును ఒకే సంఘములో సభ్యులుగా ఉండుటకు అవకాశమున్నది. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. నాటి నుండి ఒకే బంధువర్గమువారు రెండు రాష్ట్రముల పౌరులైనారు. ఇట్లు చెదరియున్న సభ్యులను తరచుగా ఒకచోట సమావేశపరచుట సులభము కాదు.

దీనికి తోడు వరద. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీ చేయుదురు. 1986లో నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగుల వరకు వచ్చినది. అప్పుడు వంతెనపై రాకపోకలను నిలిపివేసిరి. అట్టి దినములలో సంఘ కార్యాలయమునకు పోయి గోడమీది నోటీసును చదువగలవారెవరు? కార్యాలయమే నీట మునిగినచో మినిట్సు పుస్తకము గతి ఏమి? ఈ రెండు ప్రశ్నలకును వెబ్‌సైటు కొంతవరకు సమాధానము చెప్పగలదు.

సభ్యులు చెదరియున్నప్పుడు వారిని కలిపియుంచు సాధనమును వెదకుట తెలుగువారికి క్రొత్త కాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు ఊరూర నున్న గ్రంథాలయములకు ఒకదాని సంగతి ఒకదానికి తెలియుట దుర్లభముగా నుండెను. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగువారు ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను నడపి ఆ కొరతను తీర్చిరి. నాడు పత్రిక చేసిన పనిని నేడు తక్కువ వ్యయముతో వెబ్‌సైటు చేయగలదు. అయితే పత్రిక నిలిచినది సంపాదకుల శ్రద్ధ వలన. వెబ్‌సైటుకును అదే శ్రద్ధ కావలెను.

వెబ్‌సైటు అనగా నేమి?

వెబ్‌సైటును ఒక ఇంటితో పోల్చవచ్చును. ఇంటికి నంబరు ఉన్నట్లు వెబ్‌సైటుకు ఒక పేరు ఉండును. దీనినే డొమైన్ పేరు అందురు. ఇల్లు నిలుచుటకు స్థలము కావలసినట్లు, సంఘము వ్రాసిన పుటలు నిలువయుండుటకు ఎల్లవేళల పనిచేయు ఒక కంప్యూటరులో చోటు కావలెను. దీనిని హోస్టింగ్ అందురు. ఇంటిలోని సామాను వంటివి పుటలలోని వ్రాతలు, చిత్రములు, లెక్కలు. పేరునకును, స్థలమునకును సాధారణముగా ఏటేటా రుసుము చెల్లింపవలెను. సామాను మాత్రము సంఘమువారే సమకూర్చుకొనవలసినది. చాల సంఘములు మొదటి రెండింటికి సొమ్ము వెచ్చించి మూడవదానిని మరచుచున్నవి. అట్టి వెబ్‌సైటు తాళము వేసిన ఇల్లు వంటిది.

మొదటి మెట్టు: తీర్మానము

పని కంప్యూటరు ముందు కాక, సర్వసభ్య సమావేశములో ప్రారంభము కావలెను. తెలంగాణలో సంఘములు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద నమోదగుచున్నవి. ఇందుకు కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. నమోదైన సంఘము తన పేరుతో ఆస్తి కలిగియుండవచ్చును. వెబ్‌సైటు కూడ సంఘము ఆస్తియే. కావున దానిని నెలకొల్పుటకు తీర్మానము చేసి మినిట్సులో వ్రాయవలెను. తీర్మానములో నాలుగు సంగతులు ఉండవలెను: వెబ్‌సైటు ఉద్దేశ్యము, ఏటి వ్యయపు పరిమితి, ఆ వ్యయము భరించు పద్దు, బాధ్యత వహించు ముగ్గురు సభ్యుల పేర్లు.

వ్యయమును ఒక్క ఏటికి కాక మూడేండ్లకు లెక్కకట్టవలెను. కొందరు వ్యాపారులు మొదటి ఏట తక్కువ ధర చూపి, రెండవ ఏట ఎక్కువ రుసుము గైకొందురు. పునరుద్ధరణ రుసుము ఎంతయో ముందుగానే అడుగవలెను. 240 మంది సభ్యులు గల సంఘమును ఊహించుకొందము. సభ్యునికి ఏటికి 20 రూపాయల చొప్పున ప్రత్యేకించినచో 4,800 రూపాయలు సమకూరును. వెబ్‌సైటు ఖర్చు ఇట్టి స్థిరమైన పద్దు నుండి రావలెనే గాని, ఒక ఉదారుని జేబు నుండి రారాదు. ఆ ఉదారుడు ఊరు విడిచినచో వెబ్‌సైటు కూడ ఊరు విడుచును.

రెండవ మెట్టు: పేరు ఎవరిది?

ఈ పాఠము మొత్తములో ముఖ్యమైన భాగమిదియే. సాధారణముగా జరుగునది ఇట్లుండును. చదువుకున్న యువకుడొకడు ఉత్సాహముతో ముందుకు వచ్చి, తన ఫోను నంబరుతోను, తన ఈమెయిలుతోను డొమైన్ పేరును నమోదు చేయును. రెండేండ్లకు అతడు ఉద్యోగము కొరకు హైదరాబాదు పోవును. ఫోను నంబరు మారును. రుసుము గడువు గుర్తుచేయు ఉత్తరములు ఎవరును చూడని పెట్టెలో చేరును. గడువు దాటిన పిమ్మట కొంతకాలమునకు ఆ పేరును ఎవరైనను కొనవచ్చును. కొన్నవాడు మోసగాడైనచో, సంఘము పేరు మీదనే పుట తెరచి, వరద బాధితుల కొరకని తన ఖాతాకు విరాళములు కోరగలడు. ఇరువది ఏండ్లలో సంపాదించిన నమ్మకము ఒక్క వారములో పోవును. ఇందులో ఆ యువకుని దోషము లేదు. ఏర్పాటు చేయని సంఘముదే దోషము.

కావున ఈ జాగ్రత్తలు తీసికొనవలెను. డొమైన్ పేరు సంఘము పేరుననే నమోదు కావలెను. దానికి వాడు ఈమెయిలు ఏ ఒక్కరి సొంతమును కాక, సంఘము కొరకు ప్రత్యేకముగా తెరచినదై యుండవలెను. రసీదును సంఘము ఫైలులో ఉంచవలెను. పాస్‌వర్డులను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, రిజిస్ట్రేషన్ పత్రముతో పాటు భద్రపరుపవలెను. కార్యవర్గము మారినప్పుడు నగదు, చెక్కు పుస్తకము అప్పగించినట్లే పాస్‌వర్డులను కూడ అప్పగించి, వెంటనే మార్చి, ఆ సంగతి మినిట్సులో వ్రాయవలెను. డొమైన్ పేరును ఒకేసారి పదేండ్ల వరకు నమోదు చేయు వీలున్నది. కనీసము మూడేండ్లకు చేయుట మంచిది.

మన దేశపు గుర్తుతో కూడిన ‘డాట్ ఇన్’ పేర్లను నిక్సీ అను సంస్థ పర్యవేక్షించుచున్నది. లాభాపేక్ష లేని సంస్థల కొరకు ‘డాట్ ఆర్గ్ డాట్ ఇన్’ అను విభాగము గలదు. తెలుగు లిపిలోనే ‘డాట్ భారత్’ పేరును కూడ పొందవచ్చును. పేరు చిన్నదిగాను, ఫోనులో ఒకరికొకరు చెప్పుకొనుటకు వీలుగాను ఉండవలెను.

మూడవ మెట్టు: పుటలు

ప్రారంభమున ఐదు పుటలు చాలును. మొదటిది సంఘ పరిచయము: రిజిస్ట్రేషన్ సంఖ్య, సంవత్సరము, ఆశయములు, నియమావళి. రెండవది కార్యవర్గము, దాని కాలపరిమితి. మూడవది నోటీసులు: సమావేశపు తేదీ, స్థలము, చర్చనీయాంశములు. నాలుగవది ఆదాయ వ్యయములు, ఆడిటు నివేదిక. ఐదవది సభ్యత్వము పొందు విధము, చందా, సంప్రదించు చిరునామా. వీనిలో నాలుగవ పుటయే సంఘమునకు వన్నె తెచ్చును. లెక్కలు అందరి కంటికి కనబడు చోట అనుమానమునకు తావు తక్కువ.

ప్రతి నోటీసు మీదను తేదీ ఉండవలెను. తేదీలేని వరద సమాచారము మేలుకంటె కీడు ఎక్కువ చేయును. నిన్నటి 44 అడుగులను చూచి నేడు నిశ్చింతగా నుండువాడు ప్రమాదమున పడును. సంఘము నీటిమట్టములను తానుగా ప్రకటింపక, అధికారుల ప్రకటన ఎక్కడ దొరకునో చూపుటయే క్షేమము.

తెలుగు వ్రాతకు యూనికోడ్ పద్ధతినే వాడవలెను. ముద్రణాలయములలో చిరకాలముగా వాడుకలోనున్న అను ఫాంటులతో కూర్చిన వ్రాతను ఉన్నది ఉన్నట్లు వెబ్‌సైటులో పెట్టినచో చదువరికి అక్షరములు కాక పిచ్చి గుర్తులు కనబడును. అట్టి పాత కాగితములను యూనికోడ్‌లోనికి మార్చి, దోషములు దిద్ది, పిమ్మట పెట్టవలెను. నోటీసును చిత్రముగా కాక అక్షరములుగానే ఉంచినచో వెదకువారికి దొరకును. చూపులేనివారికి ఫోను చదివి వినిపించును.

అడవి అంచు గ్రామములలో సిగ్నలు బలహీనముగా నుండు చోట్లు గలవు. ఫోనుతో తీసిన ఒక ఫొటో మూడు, నాలుగు మెగాబైట్లు ఉండుట సాధారణము. ఇట్టివి ఇరువది పెట్టినచో పుట 60 నుండి 80 మెగాబైట్లగును. ఒక్కొక్కదానిని 150 కిలోబైట్లకు తగ్గించినచో మొత్తము మూడు మెగాబైట్లు మాత్రమే. సభావేదికల చిత్రములు తగ్గించి, చదువరాని సభ్యుల కొరకు నోటీసును తెలుగులోను, కోయ భాషలోను చదివించి చిన్న రికార్డుగా పెట్టుట అంతకంటె ఉపయోగకరము.

ధనము, సభ్యుల వివరములు

విరాళములు స్వీకరింపదలచినచో సంఘము పేరుతో నున్న బ్యాంకు ఖాతానే చూపవలెను. ఏ వ్యక్తి ఖాతాకు చెందిన క్యూఆర్ గుర్తును పెట్టరాదు. స్కాన్ చేసినప్పుడు కనబడు పేరు సంఘము పేరే కావలెనని పుటలోనే వ్రాసియుంచవలెను. మరియొక హెచ్చరిక. వెబ్‌సైటును ప్రపంచమంతయు చూచును. విదేశములనుండి ఎవరైనను సహాయము చేయగోరవచ్చును. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేక విదేశీ విరాళము గైకొనుట నేరము. కావున ఆ అనుమతి లేని సంఘము తాను విదేశీ విరాళములు స్వీకరింపనని స్పష్టముగా ప్రకటింపవలెను.

సభ్యుల ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, అప్పుల వివరములు వెబ్‌సైటులో ఎన్నటికిని పెట్టరాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతికి ముఖ్యస్థానము నిచ్చినది. పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెను. సంఘము లెక్క బహిరంగము. సభ్యుని సొంత లెక్క రహస్యము. ఈ భేదమును ఎల్లప్పుడు గుర్తుంచుకొనవలెను.

పోషణ

వెబ్‌సైటు నెలకొల్పుట ఒక వారపు పని, పోషించుట ఏండ్ల పని. బాధ్యత గల ముగ్గురిలో ఒకరు వ్రాయవలెను, ఒకరు సరిచూడవలెను, ఒకరు లెక్కలును, గడువులును చూచుకొనవలెను. ముగ్గురికిని పని తెలిసియుండవలెను.

వారమునకొకసారి పాత నోటీసులు తొలగించి క్రొత్తవి చేర్చవలెను. నెలకొకసారి వెబ్‌సైటు మొత్తమునకు నకలు తీసికొనవలెను. వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాధనము వాడుచున్నచో దాని క్రొత్త సవరణలను చేర్చవలెను. చేర్చనిచో దొంగలకు దారి దొరకును. ఏటికొకసారి డొమైన్, హోస్టింగ్ గడువులను కార్యవర్గము ముందు చదువవలెను.

నకళ్లు కనీసము రెండు ఉండవలెను. వానిలో ఒకటి వరద చేరని వేరొక ఊరిలో ఉండవలెను. సారపాకలోని సంఘము తన రెండు నకళ్లను సారపాకలోనే ఉంచుకొనినచో ఒకే వరద రెండింటిని గొనిపోవచ్చును. మినిట్సు పుస్తకము, సభ్యత్వపు రిజిస్టరులను కూడ ఫొటోలు తీసి ఈ నకళ్లతో భద్రపరుపవచ్చును. అవి రక్షణ కొరకే గాని ప్రకటన కొరకు కావు.

కాగితమును మానరాదు

వెబ్‌సైటు వచ్చినదని గోడనోటీసు మానరాదు. ఫోను లేని వృద్ధులు, ఇంటిలో నున్న ఒక్క ఫోను భర్తచేతనో కొడుకుచేతనో ఉండు స్త్రీలు, సిగ్నలు లేని గూడెములవారు కూడ సమాన హక్కు గల సభ్యులే. నియమావళిలో నోటీసును ఎట్లు అందజేయవలెనని యున్నదో అట్లే అందజేయవలెను. వెబ్‌సైటు దానికి అదనము. ఎన్నికల నోటీసును వెబ్‌సైటులో మాత్రమే పెట్టి ఎన్నిక జరిపిన సంఘము తన సభ్యులలో సగము మందికి ద్వారము మూసినట్లే.

పంచాయతీ కర్తవ్యము

సంఘము వెబ్‌సైటును పంచాయతీ తన చేతిలోనికి తీసికొనరాదు. పంచాయతీల లెక్కల కొరకు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వేరుగా నున్నది. సంఘముల స్వాతంత్ర్యము సంఘములదే. పంచాయతీ సభ్యులు చేయదగినవి మూడు గలవు: సంఘముల నోటీసులకు కార్యాలయపు గోడపై చోటిచ్చుట, పేరు ఎవరిమీద నమోదైనదని ప్రతి సంఘమును అడుగుట, వరద కాలమునకు ముందు నకళ్లు తీసిరా అని విచారించుట. ఈ మూడింటికిని ఖర్చు లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

తదుపరి సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములోని ఏ సంఘములకు వెబ్‌సైటు ఉన్నది? దాని పేరు ఎవరిమీద నమోదై యున్నది? గడువు ఎప్పుడు?

2. పాస్‌వర్డులు తెలిసినవారు ఎందరు? వారు ఊరిలో లేనప్పుడు ఏమి ఏర్పాటు?

3. ఫోను లేని సభ్యునికి నోటీసు ఎట్లు చేరుచున్నది?

4. సంఘముల పుస్తకములు నీట మునిగినచో తిరిగి వ్రాయుటకు నకలు ఎక్కడ ఉన్నది?

ఈ నాలుగు ప్రశ్నలకును సూటియైన సమాధానము చెప్పగల సంఘమునకు వెబ్‌సైటు బలము. చెప్పలేని సంఘము ముందు సమాధానములు సమకూర్చుకొని, పిమ్మట పేరు నమోదు చేయించుకొనుట మేలు.