గినీ పంది ఆహారము – ఎండుగడ్డి ప్రాధాన్యము

పిల్లలు ముచ్చటపడి పెంచుకొను చిన్న జంతువులలో గినీ పంది యొకటి. పేరు పందియే గాని ఇది ఎలుకల, ఉడుతల వర్గమునకు చెందిన ప్రాణి. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. అచటి జనులు దీనిని వేల యేండ్లుగా పెంచుచున్నారు. దీని పూర్వజాతులు గడ్డి మేసి బ్రతికినవి. ఇంట పెరిగినను దీని దంతములు, ప్రేగులు గడ్డికి తగినట్లే యున్నవి.

దంతములు: దీనికి 20 దంతములు గలవు. ముందుపళ్లే కాక దవడపళ్లు సైతము జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డిపరకలను గంటల తరబడి నమలుటచే అవి అరిగి, తగిన కొలతలో నిలుచును. గింజలు, దాణా త్వరలో నలిగిపోవును గనుక పళ్లు చాలినంత అరుగవు. అట్లు పెరిగిన క్రింది దవడపళ్లు నాలుక మీదికి వంగి దానిని అదిమివేయును. అప్పుడు ఆకలి యున్నను ఆ ప్రాణి మ్రింగలేదు. నిండు గిన్నె యెదుటనే చిక్కిపోవును.

జీర్ణక్రియ: పెద్దప్రేగు మొదట అంధనాళమను పెద్ద సంచి యుండును. అందలి సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి పోషణ నిచ్చును. పీచు తగ్గి పిండిపదార్థము హెచ్చినచో ప్రేగుల కదలిక మందగించి, వాయువు చేరి, కడుపు ఉబ్బును. ఒక్కదినము మేత ముట్టకున్నను ప్రాణాపాయమే. ఆలసింపక పశువైద్యునికి చూపవలెను.

ఏ గడ్డి?: ఎండుగడ్డి యనగానే మనకు వరిగడ్డి తలపునకు వచ్చును. నూర్చిన పిమ్మట మిగిలిన వరిగడ్డిలో పోషణ స్వల్పము, అది చాలదు. గింజ ముదరకముందే పచ్చగా కోసి ఆరబెట్టిన గడ్డి కావలెను. తిమోతి గడ్డి ఇందుకు ప్రసిద్ధము. మందులు చల్లని చోట కోసి యెండబెట్టిన గరికయు మంచిదే. లూసర్న్ గడ్డిలో కాల్షియము అధికము. అది పిల్లలకు, చూలు జంతువులకు తగును గాని, పెద్దవానికి నిత్యము పెట్టినచో మూత్రాశయమున రాళ్లు ఏర్పడవచ్చును. బూజు వాసన గల గడ్డిని పారవేయవలెను.

గడ్డితో పాటు: ఈ ప్రాణి మనుష్యునివలెనే 'సి' విటమినును స్వయముగా తయారుచేసికొనలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞులు గినీ పందులకు ధాన్యపు మేతయే పెట్టగా వానికి స్కర్వీ వ్యాధి వచ్చినది. కావున కొత్తిమీర, బుట్టమిరప ముక్క వంటివి దినదినము పెట్టవలెను. మంచినీరు ఎల్లప్పుడు ఉండవలెను.

ధాన్యమునకు కొదువలేని యిండ్లలో ప్రేమకొలది గింజలు పోయుట సహజము. ఈ ప్రాణికి ఆ ప్రేమయే ముప్పు. గంపెడు గడ్డి, గుప్పెడు ఆకు, చిటికెడు దాణా – ఇదియే సరియైన పాలు. వారమున కొకసారి త్రాసులో తూచి బరువు వ్రాసి యుంచవలెను. కంటికి కానరాని క్షీణతను త్రాసు ముందుగా తెలుపును.