కొయ్య మీద రంగు

కొత్తగా రంగు వేసిన కొయ్యబొమ్మలన్నీ మొదటి రోజున అందంగానే ఉంటాయి. వాటిలో మంచి పని ఏదో ఒక వానకాలం గడిచాక గాని తెలియదు. ఒక బొమ్మ మీద మెరుగు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. పక్కనున్న బొమ్మ మీద పొక్కులు లేచి, రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. రెండింటికీ వాడిన రంగు ఒకటే కావచ్చు. రంగు వేయడానికి ముందు చేసిన పని, ఒక పూతకూ మరో పూతకూ నడుమ చూపిన ఓర్పు మాత్రం ఒకటి కావు.

కర్ణాటకలో బెంగుళూరు నుండి మైసూరు వెళ్ళే దారిలో చన్నపట్టణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. ఈ రెండు ఊళ్ళూ లక్కబొమ్మలకు పేరుపొందాయి. తమిళనాడులో అంబాసముద్రం, మహారాష్ట్రలో సావంత్‌వాడి కూడా లక్క రంగుల కొయ్యసామానుకు ప్రసిద్ధి చెందినవే. చన్నపట్టణం వారు కన్నడంలో ‘ఆలె మర’ అనే చెట్టు కలపను వాడతారు. ఏటికొప్పాక వారు అంకుడు కర్రను వాడతారు. పేర్లు వేరైనా చెట్టు ఒకటే. దాని కలప తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది.

ఈ పనివారు కర్రను తరిమెన అనే తిరుగుడు యంత్రానికి బిగించి, ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చివరగా ఎండిన మొగలి ఆకుతో రుద్దుతారు. దానితో పూత అంతటా సమంగా పరుచుకొని అద్దంలా మెరుస్తుంది. ఇక్కడ రంగూ మెరుగూ ఒకే పూతలో వస్తాయి. కుంచె లేదు కాబట్టి కుంచె చారలు పడవు. ఆరవలసిన నూనె గాని, నీరు గాని లేదు కాబట్టి ముడతలు రావు. అయితే కర్ర మాత్రం ముందే బాగా ఆరి ఉండాలి. పచ్చికర్ర మీద ఎంత మంచి లక్క అయినా నిలవదు.

అన్ని బొమ్మలూ గుండ్రంగా ఉండవు. విజయవాడ సమీపంలోని కొండపల్లిలో ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే మనిషి వంటి బొమ్మలు చేస్తారు. వీటిని తరిమెన మీద తిప్పడం కుదరదు. అందువల్ల అక్కడి పద్ధతి వేరు. తెల్లపొణికి చెక్కను సన్నని సెగ మీద నెమ్మదిగా కాచి, అందులోని చెమ్మను పోగొడతారు. చేతులు, కాళ్ళు వంటి భాగాలను విడివిడిగా చెక్కి, ‘మక్కు’తో అతుకుతారు. చింతపిక్కల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అతుకుల సందులను అదే పూడుస్తుంది. దాని మీద తెల్లని పూత వేసి, అది ఆరాక నునుపు చేసి, అప్పుడు మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు.

చెమ్మ పోగొట్టడం, సందులు పూడ్చడం, నేల సిద్ధం చేయడం, ఆ తరువాతే రంగు వేయడం. డబ్బాలలో దొరికే నేటి రంగులకూ ఈ వరుసే వర్తిస్తుంది. మక్కుకు బదులు లప్పం, తెల్లపూతకు బదులు ప్రైమరు, పై మెరుగుకు వార్నీషు వచ్చాయి. పేర్లు మారినా వరుస మారలేదు.

ఇంతకీ చెమ్మకు ఇంత భయపడడం ఎందుకు? కొయ్య సన్నని గొట్టాల కట్ట వంటిది. గాలిలో తేమ పెరిగితే దానిని పీల్చుకొని ఉబ్బుతుంది. తేమ తగ్గితే వదిలి కుంచించుకుపోతుంది. తడిగా ఉన్న చెక్కకు రంగు పూస్తే లోపలి తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఎండ తగిలినప్పుడు అది ఆవిరిగా మారి పూతను పైకి నెడుతుంది. అవే పొక్కులు. పొక్కు పగిలిన చోట నుండి పెచ్చులు లేస్తాయి. అందువల్లనే అనుభవం ఉన్న పనివారు వెనుక వైపును, అడుగు భాగాన్ని కూడా వదలకుండా పూత వేస్తారు. ఒక వైపే పూసిన పలుచని పలక రెండవ వైపు నుండి తేమ పీల్చుకొని వంకర తిరుగుతుంది.

చెక్క ఆరిన తరువాత నునుపు చేయాలి. దీనికి ఉప్పు కాగితం వాడతారు. మొదట 120 అంకె గల ముతక కాగితంతోను, తరువాత 180, 220 అంకెల సన్న కాగితాలతోను రుద్దుతారు. చెక్క నార ఎటు పోతే చేయి అటే పోవాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు అప్పటికి కనబడవు. వార్నీషు వేయగానే బయటపడతాయి. పారదర్శకమైన పూత దోషాన్ని దాచదు సరికదా, ఎత్తి చూపుతుంది. కణుపులున్న చోట జిడ్డు ఊరి, లేత రంగు మీద పసుపు మరకలు తేలుతాయి. లక్కను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్‌ను ముందుగా ఆ కణుపుల మీద పూస్తే మరకలు చాలావరకు ఆగుతాయి. రుద్దిన దుమ్మును పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. నూనె చేతులతో ముట్టుకుంటే ఆ చోట పూత అంటుకోక గుంటలు పడుతుంది.

ప్రైమరు, రంగు, వార్నీషు ఏదైనా పలుచగా వేయాలి. ఒక మందపాటి పూత కంటె రెండు మూడు పలుచని పూతలు మేలు. మందంగా పూస్తే నిలువుగా ఉన్న చోట కారి చారలు కడుతుంది. పై పొర ముందుగా ఆరి, లోపలి భాగం పచ్చిగానే ఉండిపోయి ముడతలు పడుతుంది. ప్రతి పూత ఆరాక 320 లేదా 400 అంకె కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, తరువాతి పూత వేయాలి. ఆ సన్నని గరుకు కొత్త పూతకు పట్టు ఇస్తుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. వేలికి అంటకపోతే రంగు ఆరిపోయిందని అనుకుంటారు. నిజానికి పైపొర ఆరడం వేరు, లోపలి దాకా గట్టిపడడం వేరు. నూనె రంగు మరునాటికి వేలికి అంటదు గాని, లోపల గట్టిపడడానికి ఇంకా ఎన్నో రోజులు పడుతుంది. అలాంటి రంగు మీద ఘాటైన తిన్నరు ఉన్న లాకరు పూస్తే, తిన్నరు కింది రంగును మెత్తబరచి పైకి లేపుతుంది. రోజుల తరబడి దిద్దిన పని ఒక్క నిమిషంలో ముడతలు పడిపోతుంది. దానిని గీకి మళ్ళీ మొదటి నుండి చేయడం తప్ప వేరే దారి లేదు. బొమ్మలు అమ్మి బతికే కుటుంబానికి ఆ నష్టం చిన్నది కాదు. కాబట్టి డబ్బా మీద రాసిన వ్యవధిని పాటించాలి. రంగు, వార్నీషు ఒకదానికొకటి పొసగుతాయో లేదో పనికిరాని చెక్కముక్క మీద ముందుగా చూడాలి.

వాతావరణాన్ని కూడా గమనించాలి. వాన రోజున లాకరు పూస్తే అది తెల్లబారి మసకగా కనిపిస్తుంది. తిన్నరు వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. చల్లని చెంబు మీద నీటిబొట్లు చేరినట్లే, గాలిలోని తేమ ఆ పూత మీద చేరుతుంది. మండుటెండలో పూసినా చిక్కే. కుంచె జరిగేలోపే రంగు ఆరి చారలు మిగులుతాయి. వార్నీషు డబ్బాను కుదపకూడదు, పుల్లతో మెల్లగా కలపాలి. కుదిపితే గాలి బుడగలు చేరి, అవి అలాగే పూతలో గడ్డకడతాయి. నూనె వార్నీషుకు పసుపు ఛాయ ఉంటుంది. తెల్లరంగు మీద దానిని పూస్తే తెలుపు తెలుపుగా మిగలదు.

బొమ్మ చివరకు చేరేది పసిబిడ్డ చేతికి, అక్కడి నుండి నోటికి. కొన్ని రంగులలో కలిపే సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో మన దేశంలో నియమం చేశారు. ఏటికొప్పాక పనివారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి వాటి నుండి తీసిన రంగులను లక్కలో కలుపుతారు. ఆ కృషిలో ముందు నిలిచిన సి.వి. రాజుకు 2023లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఏ కాలంలో వేశారో తెలియని పాత రంగును పిల్లలు గీకకూడదు. ఆ దుమ్ములో సీసం ఉండవచ్చు.

తిన్నరు, వార్నీషు తేలికగా అంటుకొనే పదార్థాలు. వాటిని పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట, పెద్దల సమక్షంలోనే వాడాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వేస్తే వాటంతట అవే వేడెక్కి మండవచ్చు. అందుకే వాటిని విడివిడిగా ఆరవేస్తారు.

చన్నపట్టణపు గిలక్కాయను, కొండపల్లి ఏనుగును చూసినవారు రంగును మెచ్చుకుంటారు. ఆ రంగు కింద ఆరబెట్టిన రోజులు, రుద్దిన చేతులు, ఎదురుచూసిన రాత్రులు ఎవరికీ కనబడవు. బొమ్మను నిలబెట్టేవి మాత్రం అవే.

పదాలు – అర్థాలు
తరిమెన : కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం
లప్పం : సందులు, గుంటలు పూడ్చే ముద్ద
కణుపు : కొమ్మ మొలిచిన చోట చెక్కలో ఉండే ముడి
వ్యవధి : నడిమి కాలం

ప్రశ్నలు
1. లక్క పూతకు కుంచె ఎందుకు అవసరం లేదు?
2. రంగు వేసిన చెక్క మీద పొక్కులు ఎలా ఏర్పడతాయి?
3. ‘ఆరడం వేరు, గట్టిపడడం వేరు’ – వివరించండి.
4. కొండపల్లి పద్ధతిని నేటి రంగుల పద్ధతితో పోల్చి రాయండి.

చేసి చూడండి
ఒకే రకపు చెక్కముక్కలు రెండు తీసుకోండి. ఒకదానిని నునుపు చేసి రెండు పలుచని పూతలు, రెండవదానికి నునుపు చేయకుండా ఒక మందపాటి పూత నీటి రంగు వేయండి. వారం తరువాత రెండింటినీ పోల్చి, గమనించిన తేడాలను అయిదు వాక్యాలలో రాయండి.